ఓడ ఎక్కేముందు ఒక్కరోజు

ఈ వారం మీకు ఒక చిత్తుకాగితం కథ చెబుతాను. సినిమా కబుర్లు మానేసి చిత్తుకాగితం గొడవేమిటని విసుక్కోకండి. ఇందులో సినిమా ఉంది, సముద్రం ఉంది, ఓడ ఉంది. ఆరు బార్లు కూడా ఉండేవి! ఆ ఆరూ చివరికి ఏమయ్యాయన్నదే కథ.

మాది జైనూరు. మ్యాపులో వెతకాలంటే ఆసిఫాబాద్ మీద వేలుపెట్టి, అక్కణ్ణుంచి కెరమెరి ఘాటు ఎక్కించండి. మా ఊరికీ సముద్రానికీ ఏ చుట్టరికమూ లేదు. ఇటు చూస్తే అడవి, అటు చూస్తే పత్తిచేలు. అలాంటి ఊళ్ళో నలుగురు దోస్తులం కూడబలుక్కుని ఓడ ప్రయాణం పెట్టుకున్నాం. విశాఖపట్నంలో ఎక్కి సముద్రంమీద తిరిగి రావడం! రెండేళ్ళుగా నెలనెలా చిట్టీలాగా డబ్బు దాచాం. ఒకడు బడిపంతులు, ఒకడిది టెంట్ హౌస్, ఒకడిది ఫోటో స్టూడియో. నాలుగోవాణ్ణి నేను. రాతలమీద బతికేవాణ్ణి కాబట్టి ప్లాను రాసే పని నాకే అప్పజెప్పారు.

ఓడ ఎక్కడానికి ముందురోజు పొద్దున విశాఖలో దిగాలి, ఆ ఒక్కరోజులో ఊరు చూడాలి. ఇదీ ఒప్పందం. బస్టాండు పక్కన చాయ్ హోటల్లో కూర్చుని కాగితం తీశాను. టెంట్ హౌస్ వాడు నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు.

"అరే, ఊరు ఎక్కడికి పోతదిరా? ముందుగాల బార్లు రాయి!"

రాశాడు. ఒకటి కాదు, రెండు కాదు... ఆరు! స్టేషను దగ్గర ఒకటి, జగదాంబ జంక్షన్లో ఒకటి, బీచిరోడ్డు పొడుగునా నాలుగు. మధ్యమధ్య ఖాళీ ఉంటే బీచి, సబ్‌మెరైను, కైలాసగిరి. పంతులు కూడా ఉత్సాహంగా తలూపాడు. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను.

నవ్వనివాడు ఒక్కడే. ఫోటో స్టూడియో వాడు. కాగితం ఒకసారి చూసి, నాలుగు మడతలు పెట్టి, నా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"మీరు ముందురోజు పోండ్రి. నేను తెల్లారి సీదా పోర్టు కాడికే వస్త" అన్నాడు.

షాపు తెరవాలని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. ఆ వేళకి షాపు తెరిచే ఉందని మా ముగ్గురికీ తెలుసు.

గోవాలో ఏం చూశాం?

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా చిన్నప్పుడు గణపతి నవరాత్రుల్లో మండపం ముందు వీసీపీ పెట్టి సినిమాలు వేసేవారు. అలా ఒక రాత్రి 'మరోచరిత్ర' వేశారు. 1978లో బాలచందర్ తీసిన సినిమా. కమల్‌హాసన్, సరిత. రంగులుండవు, నలుపూ తెలుపే. అరవ అబ్బాయి, తెలుగు అమ్మాయి, మధ్యలో విశాఖ, భీమిలి సముద్రం. తెలుగు సినిమాని డబ్బింగు కూడా చెయ్యకుండా మద్రాసులో ఏడాది దాటి ఆడించిన ఘనత దానిది. చివరి సీను అయ్యేసరికి పిల్లలందరం నిద్రపోయాం, మా స్టూడియో వాడు తప్ప. పొద్దున లేవగానే మమ్మల్ని అడిగిన మొదటి మాట, "సముద్రం అంత పెద్దగ ఉంటదారా?" అని!

వాడు తరవాత ఫోటోగ్రాఫర్ కావడానికి ఆ నలుపు తెలుపు అలలే కారణమని నా అనుమానం. అడిగితే ఒప్పుకోడు.

కొన్నేళ్ళ కిందట నలుగురం గోవా వెళ్ళాం. అదే కథని బాలచందరే 1981లో 'ఏక్ దూజే కే లియే' పేరుతో హిందీలో తీసింది గోవాలోనే. దోనాపౌలా దగ్గర తీసిన చోటు చూడాలని స్టూడియో వాడి పట్టుదల. కెమెరా కూడా తెచ్చుకున్నాడు. మేం దిగిన పూట ఒక బారుతో మొదలుపెట్టాం. రెండోది, మూడోది... వాడు మొదట వద్దన్నాడు. గ్లాసు నింపి వాడి చేతిలో పెట్టింది ఎవరనుకుంటున్నారు? నేనే!

మూడు రోజులూ అలాగే గడిచాయి. దోనాపౌలా చూడలేదు. కెమెరాలో ఉన్నవి మా మొహాలే. వెనక ఏ ఊరో కూడా తెలీని ఫోటోలు. నలుగురిలో ముగ్గురం ఊరికొచ్చి మామూలు మనుషులమయ్యాం. వాడు కాలేదు. గోవా గ్లాసు జైనూరు దాకా వాడివెంట వచ్చింది. ఒకసారి రాత్రిపూట తాగి బండిమీద వస్తూ కెరమెరి ఘాటు మలుపులో పడ్డాడు. కాలు విరిగింది. దేవుడి దయవల్ల కాలుతోనే పోయింది. పోయిన దసరా నుంచి చుక్క ముట్టలేదు.

ఇవన్నీ తెలిసికూడా ఆరు బార్ల కాగితం చూసి నేను నవ్వాను. మీరే చెప్పండి, దాన్ని ఏమనాలి?

ఆ సాయంత్రం స్టూడియోకి వెళ్ళాను. వాడు లేడు. కౌంటరు దగ్గర వాడి భార్య కూర్చునుంది. నన్ను అన్నా అనే పిలుస్తుంది.

"అన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు" అంది. "గోవాల సముద్రం సూడలేదంట ఆయన. ఈసారన్న సూపియ్యిండ్రి."

ఏం జవాబు చెప్పను? "సరే చెల్లె" అని వచ్చేశాను. ఆ రాత్రి ఇంట్లో కొత్త కాగితం తీసుకున్నాను.

వెనకనుంచి ముందుకి

ఓడ ప్రయాణానికి ప్లాను వేసేవాళ్ళు పొద్దుటినుంచి రాత్రికి రాస్తారు. అదే తప్పు. ఓడ టైము దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. బస్సయితే చెయ్యెత్తితే ఆగుతుంది, రైలైతే ఒక్కోసారి మనకన్నా ఆలస్యంగా వస్తుంది. ఓడ అలా కాదు. గేటు మూశారంటే మూసినట్టే. టికెట్ మీద గేటు మూసే టైము ఉంటుంది. దానికి రెండు మూడు గంటల ముందే సామానుతో, గుర్తింపు కార్డుతో అక్కడ నిలబడాలి. మీ సీసాలు మీరు ఓడలోకి తీసుకువెళ్ళనివ్వరు. తూలుతూ వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేసే హక్కు కూడా వాళ్ళకుంది. రెండేళ్ళు దాచిన డబ్బు గేటు దగ్గర పోతే ఎవర్ని అడుగుతారు?

అన్నట్టు, విశాఖకి ఈ విహారనౌకల ముచ్చట మరీ పాతదేం కాదు. 'ఎంప్రెస్' అనే పదకొండు అంతస్తుల ఓడ 2022 జూన్‌లో మొదటిసారి అక్కణ్ణుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు ప్రయాణికుల్ని తీసుకువెళ్ళింది. 1990లో కట్టిన ఓడ అది. మాకంటే కొంచెం పెద్దదో, మా ఈడుదో! 2023 సెప్టెంబరులో ఔటర్ హార్బర్‌లో సుమారు 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. అయితే ఓడలు ఏడాది పొడుగునా ఉండవు, సీజన్లోనే వస్తాయి. తేదీ ఖాయం చేసుకోకుండా రైలు టికెట్ కొనకండి.

ఓడ టైము నుంచి వెనక్కి వచ్చాను. తెల్లారి పోర్టుకి పోవాలంటే బస ఊరి నడిబొడ్డున ఉండాలి. పొద్దున్నే లేవాలంటే రాత్రి పదికల్లా పడుకోవాలి. ఇక మిగిలింది పగలు. ఆ పగట్లో ఆరు బార్లు ఎక్కడ పడతాయి? ఒక్కో బారుకి గంట చొప్పున ఆరు గంటలు. ఒకచోటునుంచి ఇంకోచోటికి ఆటో, బేరం, బిల్లు దగ్గర తగువు... ఇంకో రెండు గంటలు. లెక్కేసి చూస్తే విశాఖ మొత్తానికి మిగిలేది సాయంత్రం అరగంట! గోవా లెక్క కూడా అప్పుడే అర్థమైంది నాకు.

కాగితంమీద ఎక్కినవి

మీలో ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే ఉపయోగపడుతుందని నా కొత్త కాగితం ఇక్కడ విప్పుతున్నాను.

జైనూరు నుంచి కెరమెరి ఘాటుమీదుగా ఆసిఫాబాద్ రోడ్ స్టేషను. అక్కడ రైలెక్కి, కాజీపేటలోనో విజయవాడలోనో మారి, తెల్లారేసరికి విశాఖ. రైలు ఆలస్యమైనా కొంప మునగకూడదనే ఓడకి ఒకరోజు ముందు చేరుకోవడం. సామాను గదిలో పడేసి, స్నానం చేసి, ఇడ్లీ తిని బయటపడాలి.

పొద్దున ముందుగా భీమిలి. దూరంగా ఉన్నది ముందు చూడాలి, దగ్గరివి సాయంత్రానికి ఉంచుకోవాలి. విశాఖనుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు. దారంతా కుడిచేతివైపు సముద్రమే. సిటీ బస్సుంది, నలుగురైతే కారు మాట్లాడుకోవచ్చు. దారిలో రుషికొండ, కొండమీద రామానాయుడు స్టూడియో, తొట్లకొండ మీద రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం. ఇంకొంచెం ముందుకెడితే ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళుగా గాలీ నీరూ సముద్రమూ కలిసి చెక్కిన దిబ్బలవి. ఎన్ని సినిమా పాటలకి ఇవి చంబల్ లోయలయ్యాయో! చూడండి, ఫోటో తీసుకోండి, మట్టిమాత్రం సంచిలో వేసుకురాకండి. భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ వారసత్వంగా గుర్తించిన చోటు అది.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. వర్తకానికి వచ్చి తిరిగి ఓడ ఎక్కనివాళ్ళు. సమాధులంటే మాకు మా పక్క ఊరు గుర్తొస్తుంది. మా మండలంలోనే మార్లవాయి ఉంది. హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త, ఆయన భార్య బెట్టీ 1940లలో గోండుల మధ్య అక్కడ కాపురముండి వాళ్ళ బతుకు చూశారు, రాశారు. 1987లో బెట్టీ హైదరాబాదులో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుగారిది కూడా ఆ ఊరే. ఆయన 2024లో కన్నుమూశారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఆ ఊరు చూసిపోతారు. పక్కనే ఉన్న మేం? బడి రోజుల్లో ఒకసారి వెళ్ళాం, అంతే! వెళ్ళినంత మాత్రాన చూసినట్టు కాదని మాకు గోవా ఒక్కటే చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనం చేసి తిరిగి విశాఖ. ఆర్కే బీచి దగ్గర 'కురుసుర' సబ్‌మెరైను. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకుంది. మరుసటేడు దాన్ని ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడుగు. లోపలికి పోతే మనిషి పక్కకి తిరిగి నడవాలి. 'ఘాజీ' సినిమా చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైను ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే. ఎదురుగా 2017లో పెట్టిన టీయూ-142 విమానం ఉంది. వెళ్ళే రోజు సోమవారం కాకుండా చూసుకోండి, సబ్‌మెరైనుకి ఆరోజు సెలవు.

పొద్దువాలేలోగా హార్బరు వైపు. అక్కడ పక్కపక్కనే మూడు కొండలు. ఒకదానిమీద చర్చి, ఒకదానిమీద దర్గా, ఇంకొకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. ఆ సందులోంచే ఓడలు లోపలికొస్తాయి. 1933లో ఈ హార్బరులోకి 'జలదుర్గ' అనే ఓడ మొదట వచ్చింది. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష'ని 1948లో నెహ్రూగారు నీళ్ళలోకి వదిలిందీ ఈ ఊళ్ళోనే. ఈ తీరంనుంచే మన తాతలనాటివాళ్ళు కూలికోసం 'రంగం' వెళ్ళారు. రంగం అంటే రంగూన్. వాళ్ళు ఓడెక్కేముందు ఊరు చూసి ఉంటారా? తీరం కనబడకుండా పోయేదాకా చూసే ఉంటారు. మనం సరదాకి ఎక్కుతున్నాం. ఆ తేడా ఒక్క నిమిషం గుర్తుంచుకుంటే చాలు.

మరి బార్ల సంగతి?

వస్తున్నా! తాగేవాళ్ళని తిట్టడానికి ఈ పేజీ పెట్టలేదు. నేనూ ఏ సన్యాసినీ కాను. మా ప్రాంతంలో ఇప్పపువ్వు గురించి నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఒకటే బారు ఉంచాను కాగితంమీద. గదికి నడిచిపోయేంత దూరంలో, భోజనం అయ్యాక, ఒక్క గంట. కావలసినవాళ్ళు వెళ్ళొచ్చు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ఇరవై ఒక్కటి నిండనివాళ్ళకి అటూ ఇటూ రెండు రాష్ట్రాల్లోనూ మందు అమ్మకూడదు. తెలంగాణ సీసాలు సంచిలో పెట్టుకుని సరిహద్దు దాటొద్దు, ఎక్సైజువాళ్ళకి దొరికితే ఓడ కాదు, స్టేషను చూస్తారు. తాగి బండి ముట్టొద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరునెలల దాకా జైలు. అన్నిటికన్నా ముఖ్యం, తాగి సముద్రంలోకి దిగొద్దు. ఆర్కే బీచి చూడ్డానికి మెత్తగా ఉంటుంది, లోపల లాగేస్తుంది. సరదాగా వెళ్ళిన కుర్రాళ్ళ పేర్లు పేపర్లో చూడని ఏడాది లేదు.

ఇంకో మాట. మీ జట్టులో మానేసినవాడు ఒకడుంటే, ప్లాను వాడిదగ్గర మొదలుపెట్టండి. తాగనివాడికి ఇష్టమైన రోజులో తాగేవాడికి ఒక గంట ఎక్కడైనా దొరుకుతుంది. తాగేవాడి రోజులో తాగనివాడికి దొరికేది గది తాళంచెవి, అందరి చెప్పులు!

"వాడు వద్దంటే వద్దంటాడులే, వాడి ఇష్టం" అని సులువుగా అనేస్తాం. గోవాలో నేనూ అలాగే అనుకున్నాను. వద్దన్నవాణ్ణి మూడుసార్లు అడిగితే నాలుగోసారి వద్దనడానికి వాడికి ఎంత ఓపిక కావాలో అడిగేవాడికి తెలీదు.

మళ్ళీ చాయ్ హోటల్

మర్నాడు కొత్త కాగితం ముగ్గురి ముందూ పెట్టాను. టెంట్ హౌస్ వాడు చదివి కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏందిరా, ఆరు వోయి ఒకటి మిగిలిందా?"

పంతులు కాగితం ఇంకోసారి చదివాడు. ఏం గుర్తొచ్చిందో, "ఒకటి చాలురా" అన్నాడు మెల్లిగా. టెంట్ హౌస్ వాడు స్టూడియో వాడి మొహం చూశాడు, తరవాత వాడి కాలు చూశాడు. చెడ్డవాడేం కాదు, వాడిది నోరే పెద్దది. "సరె తియ్, గా ఒక్కటి గూడ నేను, పంతులు పోయొస్తం. మీరిద్దరు ఏం జేస్తరు?" అన్నాడు.

"బీచిల మూరీ మిక్చర్ తింటం" అన్నాను నేను. ఆ ఒక్క గంట నేను వాడితో ఉంటానని రాత్రే అనుకున్నాను. గోవా అప్పు అలా తీరుతుందని కాదు. కనీసం వడ్డీ అయినా కట్టాలి కదా!

స్టూడియో వాడు కాగితం తీసుకుని చదువుతున్నాడు. నాకు ఒక భయం పట్టుకుంది. అసలు సంగతి దాచడం ఇష్టంలేక చెప్పేశాను. "అరే, ఓడల గూడ బార్లుంటయిరా. మూడు పూటలూ కండ్ల ముందరనే ఉంటయి. ముందే చెప్తున్న."

వాడు తలెత్తలేదు. "తెల్సు" అన్నాడు. "సముద్రం గూడ ఉంటది గదా."

తరవాత నా జేబులోంచి పెన్ను తీసుకుని, భీమిలి దగ్గర నేను రాసిన 'ఒక గంట' కొట్టేసి 'రెండు గంటలు' అని దిద్దాడు. పక్కనే చిన్నగా 'కెమెరా చార్జింగ్' అని రాసుకున్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టాడు. ఈసారి గ్లాసు కింద పెట్టలేదు, తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఓడ ఎలా ఉందో, ఫోటోలు ఎలా వచ్చాయో తిరిగొచ్చాక చెబుతాను. ఈలోగా మీ జట్టు ప్లాను కాగితం ఒకసారి బయటికి తీసి చూసుకోండి. అది చూసి నవ్వనివాడు ఎవడైనా ఉన్నాడా?

ఉంటే, పెన్ను వాడి చేతికివ్వండి.